పని ఆపి కూర్చున్న మనిషి

శనివారం పొద్దుగూకే వేళ పెద్దబాపు ఫోన్ చేశాడు. ఆయన నాకు నేరుగా ఫోన్ చేసే మనిషి కాదు. ఏదైనా చెప్పాలంటే పెద్దమ్మతో చెప్పిస్తాడు, వెనక నుంచి ఒక ముక్క అందిస్తాడు. తెర మీద ఆయన పేరు చూడగానే నాకు అర్థమైపోయింది. "బిడ్డా, మీ పెద్దమ్మ పోయింది" అన్నాడు. నేను అడగకపోయినా, "చాయ్ తాగుతనన్నది. పెట్టుకొని అచ్చేవరకు లేదు" అన్నాడు. హైదరాబాద్‌లో షిఫ్టులో ఉన్నాను. ఒక చెవికి ఆఫీసు హెడ్‌ఫోన్, ఇంకో చెవికి ఆ మాట. హెడ్‌ఫోన్‌లో ఎవరో తమ పార్సిల్ ఇంకా రాలేదని కోపంగా అడుగుతున్నారు. ఇద్దరికీ "సరే" అన్నాను.

ఆమె మా అమ్మకు అక్క, పెద్దబాపు ఆమె భర్త. కోరుట్లలో బీడీలు చేసేది. మేడిపల్లి దగ్గర మా ఊరి నుంచి డిగ్రీ చదవడానికి వచ్చి మూడేళ్లు ఆమె ఇంట్లోనే ఉన్నాను. ఆమెకు పిల్లలు లేరు. పెద్దబాపు అప్పుడు గల్ఫ్‌లో ఉండేవాడు. రెండు గదుల రేకుల ఇల్లు, ముందు అరుగు, అరుగు మీద ఆమె, ఒళ్లో చాట. తలుచుకుంటే ముందు ఆమె చేతులే గుర్తుకొస్తాయి. ఆకు మలిచీ మలిచీ కుడిచేతి బొటనవేలు నిద్రలో కూడా కదిలేది. ఆదివారం మధ్యాహ్నం పడుకున్నప్పుడైనా ఆగుతుందేమోనని ఒకసారి పక్కన కూర్చుని చూశాను. ఆగలేదు.

ఆదివారం అని ఎందుకన్నానంటే, అది ఆమెకు దేవుని దినం. పెళ్లయిన కొన్నేళ్లకు ప్రభువును నమ్ముకుంది. గట్టిగా పాడటం, చేతులెత్తి ఏడవడం ఆమె భక్తిలో లేవు. ఉన్నదల్లా ఒక్కటే. శనివారం దీపాలు పెట్టే వేళకు చేతిలో పని దించేది. ఆదివారం దీపాల వేళ దాకా మళ్లీ ఎత్తేది కాదు. అన్నం, పులుసు శనివారమే వండి పెట్టేది. ఆదివారం పొద్దున ప్రార్థనకు పోయి వచ్చి, చల్లటి అన్నంలో పులుసు కలుపుకుని తిని, అరుగు మీద చాప పరుచుకుని కూర్చునేది. వాకిలి ఊడవదు, బట్టలు పిండదు, టీవీ పెట్టదు. తాను చేయకపోవడమే కాదు, ఆ రోజు నాతో కూడా గ్లాసెడు నీళ్లు తెప్పించుకునేది కాదు. మా అమ్మ ఎగతాళి చేసేది. "మా అక్కకు ఆదివారం అచ్చిందంటె కాళ్లు చేతులు పడిపోతయి."

నాకు కాసేపు కూడా ఊరికే కూర్చోవడం రాదు. అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. అందుకే ఆమెను అడిగేదాన్ని.

"ఏం చేస్తున్నవ్ పెద్దమ్మా?"

"దేవునితోని కూసున్న."

"ఏం మాట్లాడుకుంటరు ఇద్దరు?"

"ఏం మాట్లాడుతం. నేను చెప్పేది ఆయనకు ఎర్కే. ఆయన చెప్పేది నాకు సమజ్ కాదు. ఊకె కూసుంటం."

ఆ ఇంటికి వచ్చిన మొదటి వారమే ఒక తప్పు చేశాను. బీడీల ఇంట్లో పెరగని వాళ్లకు ఈ సంగతి చెప్పాలి. తునికాకు ఎండుది కత్తెరకు పగిలిపోతుంది. అందుకని ముందు రోజు సాయంత్రమే తడిపి, తడిగుడ్డ చుట్టి పెడతారు. పొద్దునకు మెత్తబడుతుంది. అలా నానిన ఆకును ఆ రోజే కత్తిరించి మలచాలి. మరునాటికి ఉంచితే బూజు పడుతుంది. నేను సాయం చేస్తున్నాననుకుని శనివారం సాయంత్రం రెండు కట్టల ఆకు నానబెట్టాను. అది సోమవారందాకా ఆగదని, సోమవారం ఆకు ఆదివారం దీపాల తర్వాత నానుతుందని నాకేం తెలుసు.

ఆదివారం పొద్దున పెద్దమ్మ ఆ తడిగుడ్డ మూట విప్పి చూసి, మళ్లీ ముడివేసింది.

"ఇయాల ఒక్కనాడు చెయ్యి పెద్దమ్మా. ఆకు ఖరాబైతది. దేవుడేమంటడు?" అన్నాను.

"దేవుడేమనడు. ఇయాల ఆకు అంటం, అచ్చే వారం దారం అంటం, ఆ పై వారం ఇంకోటి అంటం. మనకు అనుడు బాగ అస్తది."

మూట చంకన పెట్టుకుని పక్కింటికి నడిచింది. పక్కింట్లో మేం ఖాలా అని పిలిచే ఆవిడ ఉండేది. ఆమె కూడా బీడీలే చేసేది. నమాజు చదివే ఇల్లు, ఉర్దూలో తిట్టి తెలుగులో నవ్వే మనిషి. పెద్దమ్మ మూటను ఆమె గడపలో పెట్టింది. "ఇయాల నా దినం. నీది కాదు గద. నువ్వు చేస్కో."

ఖాలా మూట విప్పి ఆకు నలిపి చూసింది. "మీ దేవుడు మంచోడు అక్కా. నాకు నానవెట్టి మరీ పంపిండు. రేపు నావి రెండు కట్టలిస్త తియ్."

ఆ రోజు నేను సిగ్గుపడి కొంత, విసుక్కుని కొంత, ఇంత పట్టింపు ఎందుకని నిలదీశాను. అప్పుడే మొదటిసారి సిరిసిల్ల సంగతి చెప్పింది.

పెళ్లయిన కొత్తలో వాళ్లు సిరిసిల్లలో ఉండేవాళ్లు. పెద్దబాపు సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. ఈమె ఇంట్లో దారం కండెలు చుట్టేది. వాడంతా రాత్రీ పగలూ అదే చప్పుడు. పక్క మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. తర్వాత గిరాకీ లేని రోజులు వచ్చాయి. ఒక్కొక్క షెడ్డూ మూతపడింది. "ఒకనాడు మొత్తం చప్పుడు ఆగింది బిడ్డా. అందరం బయటికచ్చి నిలవడ్డం. ముసలోల్లు ఏడ్సిండ్రు. ఇగ ఆడికెళ్లి మొగోల్లు అరుగుల మీద కూసునుడే. పొద్దుందాక కూసునుడే. కొందరు కూసునలేక పానం తీసుకున్నరు." ఆ తర్వాత ఒక మాట అంది. దాన్ని నేను అప్పుడు పట్టించుకోలేదు. "పని లేక కూసునుడు వేరు బిడ్డా, పని ఆపి కూసునుడు వేరు. మొదటిది మనిషిని తింటది. రెండోదాంట్ల మనిషి తింటడు."

ఆ మూతపడ్డ రోజుల్లోనే పెద్దబాపు గల్ఫ్ విమానం ఎక్కాడు. ఈమె కోరుట్లకు వచ్చి, కండెలు చుట్టిన చేతులతో ఆకు మలవడం నేర్చుకుంది.

ఇక్కడి ఇళ్లలో సగం మందికి తెలిసిన చిక్కు ఒకటుంది. పెద్దబాపు ఉన్న చోట సెలవు శుక్రవారం. ఆదివారం అక్కడ మామూలు పనిదినం. ఆయన కూడా నమ్మినవాడే. క్యాంపులో పదిమంది తెలుగువాళ్లు శుక్రవారం ఒక గదిలో కూడి ప్రార్థన చేసుకునేవాళ్లు. ఆ మధ్యాహ్నమే ఇంటికి ఫోన్ చేసేవాడు. అప్పుడు ఈమె చాట ముందు ఉండేది. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, మెడ వంకర పెట్టి, చేతులు ఆపకుండా మాట్లాడేది.

"కత్తెర చప్పుడు ఇనవడుతున్నది. జరసేపు ఆపరాదే" అనేవాడు ఆయన.

"నీకు సెలవు. నాకు లేదు. నువ్వు చెప్పు, నేను ఇంటున్న."

ఆదివారం ఈమె ఖాళీగా కూర్చున్నప్పుడు ఆయన ఎండలో ఇనుప చువ్వలు కడుతూ ఉండేవాడు. పద్నాలుగేళ్లు ఇట్లాగే నడిచింది. ఆయన సెలవు మీద వచ్చి పోయే నెలలు తీసేస్తే, భార్యాభర్తలిద్దరూ ఒకే రోజున చేతులు ముడుచుకున్నది లేదు.

నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా ఆయన కంపెనీ ఆగిపోయింది. జీతాలు లేవు. పాస్‌పోర్టులు కంపెనీ దగ్గర. ఇంటికి రాలేరు, బయట పని చేయలేరు. వందలమంది మగవాళ్లు క్యాంపులో మంచాల మీద. మొదట్లో పెద్దబాపు హాస్యమాడేవాడు. "ఇప్పుడు నాకు ఏడు దినాలు సబ్బాతే" అనేవాడు, విశ్రాంతి దినాన్ని బైబిల్ మాటతో. తర్వాత హాస్యం పోయింది. తర్వాత మాటే తగ్గింది. ఒకరోజు ఆయన గదిలోనే ఉండే సారంగాపూర్ అతను పెద్దమ్మకు ఫోన్ చేశాడు. "అక్కా, అన్న తింటలేడు. ఎప్పుడు జూసినా గోడ దిక్కు తిరిగి పండుకుంటున్నడు. నాకు బయమైతున్నది. మొన్న పక్క గదిల ఒకతను..." అని మధ్యలో ఆపేశాడు.

ఫోన్ పెట్టేసి పెద్దమ్మ చాట ముందు కూర్చుంది గానీ ఆకు ముట్టలేదు. సిరిసిల్ల అరుగులే ఆమె కళ్లలో ఉన్నాయని నాకు తెలుసు. ఆ వారం ఒక నిర్ణయం తీసుకుంది. తన విశ్రాంతి దినాన్ని ఆదివారం నుంచి శుక్రవారానికి మార్చుకుంది.

అంటే అర్థం ఏమిటో చూడండి. గురువారం దీపాల వేళ చాట దించేది. శుక్రవారం చేయాల్సిన బీడీలు ఆదివారం చేసి సోమవారం కలిపి అప్పజెప్పేది. కార్ఖానా గుమస్తా గొణిగి గొణిగి ఒప్పుకున్నాడు. ఆదివారం పొద్దున ప్రార్థనకు మాత్రం పోయేది. వచ్చి, అందరూ చూస్తుండగా అరుగు మీద చాట పెట్టుకునేది. ఏ అరుగు మీద ఇన్నేళ్లు చేతులు ముడుచుకుని కూర్చుందో ఆ అరుగు మీదే. ప్రార్థన నుంచి ఇళ్లకు పోయే ఆడవాళ్లు నడక ఆపి మరీ చూసేవాళ్లు.

మూడో వారం అయ్యగారు వచ్చారు. ప్రార్థన జరిపే పెద్దమనిషి, మెత్తగా మాట్లాడే మనిషి. కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"నలుగురికి చెప్పేదానివి నువ్వే గిట్ల చేస్తె ఎట్లమ్మా? అందరు అడుగుతున్నరు."

"అయ్యా, ఆయన ఆడ ఒక్కడే కూసుంటున్నడు. ఏడు దినాలు కూసుంటున్నడు. అండ్ల దేవుడు లేడు. నేను ఒక్కదినం ఆయన పక్కన కూసుంటె, గా దినమన్న దేవుని దినం అయితదేమోనని."

"ఆదివారం ప్రభువు దినం గదమ్మా."

"ఎర్కనే అయ్యా. పొద్దుగాల అచ్చిన గద. ప్రభువుకు చెప్పుకున్న, గీయన లేసేదాక అని. ప్రభువు కాదంటె నా చేతులే ఆగుతయి."

అయ్యగారు చాటలోకి కాసేపు చూశారు. ఆ తర్వాత కుర్చీలో కూర్చున్నారు. చాయ్ తాగి వెళ్లిపోయారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు, ఎవరైనా ఎత్తితే వినలేదు. గల్లీలో మాత్రం ఆమె ఖాలా మతంలో కలిసిందని పుట్టించారు. ఖాలా పడి పడి నవ్వింది. "అరే అక్కా, జుమ్మా నమాజు పట్టినవట గద. ముందుగాల నాకు చెప్తె సేమియా వండకపోదునా?"

ఆ శుక్రవారాలు ఎట్లా ఉండేవో నేను చూశాను. వీడియో కాల్ కలపడం నా పని. ఫోన్‌ను స్టీల్ గ్లాసుకు ఆనించి పెట్టేదాన్ని. ఆమెకు చదువు రాదు కాబట్టి వాక్యం నేను చదివేదాన్ని, నాలుగైదు వరుసలు. తర్వాత ఆమె ఏమీ మాట్లాడేది కాదు. తెర మీద పెద్దబాపు చెవి, మంచం కోడు, పైన తిరిగే ఫ్యాను కనిపించేవి.

"ఏం మాట్లాడవేందే?" అన్నాడు మొదటి శుక్రవారం.

"ఇయాల మాట్లాడుడు లేదు. నా చేతులు సూడు. ఖాళీ. కూసో."

అరగంట. నాకు పిచ్చెక్కేది. ఏ పనీ లేక గోడ మీద చీమలు లెక్కపెట్టుకునేదాన్ని. రెండో వారం ఆయన పడుకునే ఉన్నాడు గానీ ముఖం ఇటు తిప్పాడు. నాలుగో వారం లేచి కూర్చున్నాడు. ఆ తర్వాత ఎప్పుడో ఒక శుక్రవారం ఫోన్ కలిపేసరికి గడ్డం గీసుకుని ఉన్నాడు. పెద్దమ్మ నాకు చెప్పకుండా లోపలికి పోయి, ముక్కు చీది, మళ్లీ వచ్చి కూర్చుంది.

పది నెలలకు ఆయన చేతిసంచితో ఇంటికి వచ్చాడు. ఇంత చెప్పి ఇక్కడ ఆపేస్తే బాగుండేది.

ఆయన వచ్చాక పెద్దమ్మ మళ్లీ ఆదివారానికి మారింది. ఇక ఇద్దరికీ ఒకే దినం అనుకుంది. చాప పెద్దది కొన్నది. ఆయన మాత్రం కూర్చోలేదు. ఆదివారం తెల్లారకముందే ఏదో ఒక పని చూసుకుని పోయేవాడు. మామిడికాయల కాలంలో జగిత్యాల మార్కెట్‌లో హమాలీ. మిగతా రోజుల్లో సెంట్రింగ్ పని. ఏదీ లేకపోతే సిరిసిల్ల పోయి తెలిసినవాళ్ల షెడ్డులో సాంచాలు నడిపి వచ్చేవాడు. ఏ పనీ దొరకని నాడు ఇంటి రేకులు ఎక్కి మేకులు కొట్టేవాడు. నేను ఒకసారి అడిగితే తల దించుకుని చెప్పాడు. "కూసుంటె క్యాంపు అనిపిస్తది బిడ్డా. గోడ కనవడుతది."

"గోడ దిక్కు ఎందుకు కూసుంటవ్? నా దిక్కు కూసో" అంది పెద్దమ్మ లోపలి నుంచి.

"నీ దిక్కు కూసుంటె కడుపు నిండుతదా?"

"నిండదు. నిండకున్నా కూసో."

నవ్వి వెళ్లిపోయేవాడు. ఆమె గొడవ పడలేదు. నాతో మాత్రం ఒకసారి అంది. "గల్ఫుల ఉన్ననాడే నా పక్కన ఉండె. ఒక్క ఆదివారం బిడ్డా. పొద్దుగాలటి సంది మాపటిదాక. గంతే అడిగిన."

తర్వాత పెద్దమ్మకు దగ్గు మొదలైంది. జగిత్యాలలో ఛాతీ ఫొటో తీసి ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. బీడీల తంబాకు దుమ్ము, ఇక చాట ముట్టొద్దన్నారు. మంచాన పడ్డాక ఒకసారి చూడటానికి పోయాను. నాకు ఆ వారం సెలవు బుధవారం పడింది. మా ఆఫీసులో సెలవు ఏ వారం ఏ రోజు పడుతుందో మాకే తెలియదు. ఆమె మంచం పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను, చిన్న పని ఉందని. ఆమె చాలాసేపు నా వేళ్లను చూసింది. "నీకు సెలవున్నది గని ఆగుడు లేదు బిడ్డా" అంది. కోపంగా కాదు. నా జాతకం చూసి చెప్పినట్టు. "ఇప్పుడు నేను గూడ ఏడు దినాలు కూసుంటున్న. గిది ఆదివారం కూసునుడు కాదు. గిది సిరిసిల్లది."

ఆ నెలల్లో పెద్దబాపు ఇంకా ఎక్కువ పని చేశాడు. వంట ఆయనే, బట్టలు ఆయనే, ఆదివారం కూలి కూడా. ఆమె మంచం మీది నుంచి ఆయన వెనకాలే చూపు తిప్పేది.

ఆదివారం పొద్దు పొడిచేసరికి నేను కోరుట్ల చేరాను. ముందు గదిలో ఐసుపెట్టె, పైన అద్దం మూత. లోపల ఆమె, చేతులు పొట్ట మీద. మా అమ్మ, ఖాలా, నలుగురు ఆడవాళ్లు. అయ్యగారు ప్రార్థన ముగించుకుని వచ్చి, గుంత తవ్వే మనుషులను పిలిపించాలా అని అడిగారు. పెద్దబాపు "రేపు" అన్నాడు.

మా అమ్మ ఊరుకోలేదు. "రేపటిదాక ఇంట్ల పెట్టుకుంటరా బావా? చుట్టాలందరు అచ్చిరి గద. మాపటివరకు చేస్తె అయిపోవు."

"ఇయాల ఎవ్వలు గడ్డపార పట్టద్దు" అన్నాడు. "ఇన్నేండ్లల్ల ఆదివారం నాడు ఎవ్వలతోని పని చేపియ్యలే ఆమె. ఇప్పుడు చేపియ్యది."

అయ్యగారు తల ఊపి, చాప మీద ఓ మూలకు కూర్చున్నారు. ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఖాలా ఇంటి నుంచి చాయ్ వచ్చింది. చేయడానికి ఎవరికీ ఏమీ లేదు. నేను కూడా ఫోన్ ఆపి సంచిలో వేశాను. ఎంతమంది ఉన్నా ఆ ఇల్లు అంత మెల్లగా ఊపిరి తీయడం నేనెప్పుడూ వినలేదు.

ఒక్క పెద్దబాపే నిలబడి ఉన్నాడు. ముసురు పట్టిన రోజు. పెట్టె చల్లదనానికి అద్దం మీద బయటి వైపు తేమ పడుతోంది. ఆయన భుజం మీది తువాల తీసి తుడిచేవాడు. ఆమె ముఖం తేటగా కనిపించేది. నిమిషం గడిచేసరికి మళ్లీ మసక. మళ్లీ తుడిచేవాడు. తల దగ్గరి నుంచి కాళ్ల దాకా, మళ్లీ తల దగ్గరికి. పొద్దున్నుంచి ఎన్నిసార్లు తుడిచాడో. తువాల పిండితే నీళ్లు కారేట్టు తడిసింది. ఆపమని ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం దాటాక ఖాలా లేచి ఆయన మోచేయి పట్టుకుంది.

"భాయ్, అందరిని గడ్డపార ముట్టద్దంటివి. నీ చేతిల తువాల ఏంది?"

ఆయన తువాల వైపు చూశాడు.

"మొఖం కనవడది" అన్నాడు.

"కనవడకపోనియ్. ఇయాల ఆమె ఇత్వార్, ఆమె ఆదివారం. కూసో."

ఆయన తువాల గడప అవతల వేసి, పెట్టె పక్కన నేల మీద, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. ముఖం ఆమె వైపు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు, అవి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు, అరచేతులు పైకి. కాసేపటికి మెడ వాలింది. నోరు కొంచెం తెరుచుకుంది. గురక మొదలైంది. బయట వాన పడుతూనే ఉంది. అద్దం మెల్లగా తెల్లబడింది. ముందు ఆమె పాదాలు పోయాయి, తర్వాత చేతులు, తర్వాత ముఖం. ఎవరూ లేచి తుడవలేదు.